చుట్టానికిచ్చిన ఖాళీ అర

ఫోన్‌లో నిర్మలమ్మ అన్నవి మూడు మాటలు. “సారూ, చుట్టం ఆగింది. ఒకలు సచ్చిండ్రు. మందు ఆపుండ్రి.”

అవతల సెక్యూరిటీ ఆఫీసర్ చెన్నయ్య చెవిలో పడ్డవీ మూడే. “చుట్ట తాగిండు. ఒకలు సచ్చిండ్రు. మందు తాగిండు.”

చెన్నయ్య కిటికీ కింద క్రషర్ నడుస్తోంది. అది రాయిని నలగ్గొట్టే యంత్రమే కాని, నడుమ దొరికితే మాటనూ వదలదు. నిర్మలమ్మది భీమలింగం సిమెంటు కంపెనీ మెషీన్ గదిలో కంప్యూటర్ చదివే కార్డులు గుద్దే ఉద్యోగం. మనుషుల్ని గుద్దే ఉద్యోగం చెన్నయ్యది. అంతకుముందు పోలీసుల్లో చేశాడు. చుట్టమంటే మెషీన్ గదివాళ్లు ఒక కంప్యూటర్‌కు పెట్టుకున్న ముద్దుపేరు. అది ఆగితే గనిలో పేలుళ్లు ఆపాలని కంపెనీ రూలు. ఆ పిల్ల రూలు ప్రకారమే ఫోన్ చేసింది. చెన్నయ్య మాత్రం ఫోన్ పెట్టేసి, టోపీ పెట్టుకుని, చుట్టను వెతకడానికి బయలుదేరాడు. వెతికేవాడికి దొరక్కపోదు. మేళ్లచెరువు అవతలి ఆ సున్నపురాయి గనిలో రాళ్ల తర్వాత ఎక్కువగా దొరికేవి చుట్ట పీకలే.

సాయంత్రానికి రిపోర్టు తయారైంది. డ్రిల్లర్ జంగయ్య మందు తాగాడు, చుట్ట ముట్టించాడు, ఆ నిప్పుతో నాలుగో బెంచీలోని పేలుడు మందును ముట్టించి తన చావు తానే చచ్చాడు. తెలుగులో ఇదొక వసతి. సీసాలో ఉన్నా మందే, దవాఖానలో పోసినా మందే, రాతిలో కూరినా మందే. మాట ఒక్కటి దొరికితే చాలు, మనిషిని ఏ మందుతోనైనా చంపొచ్చు.

రిపోర్టు కింద ఇంకో వాక్యం ఉంది. తప్పు జంగయ్యదే గనుక, కంపెనీ లైన్లలో అతని భార్య సైదమ్మ ఉంటున్న గదిని మూడోనాటి సాయంత్రంకల్లా ఖాళీ చెయ్యాలి.

ఆ మూడోనాటి పొద్దున డిటెక్టివ్ వెంకటనర్సు నల్లగొండ నుంచి సిమెంటు లారీలో వచ్చి దిగాడు. డ్రిల్లర్ల మేస్త్రీ కాటమయ్య కబురు పంపితే వచ్చాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. రహస్యం చెప్పినా పక్క వీధికి వినపడే గొంతు. గూఢచారికి ఉండకూడని గొంతు అది. అందుకే నేరస్థులు ఆయన్ను గూఢచారి అనుకోరు.

“మేస్త్రీ, ముందుగాల మనిషి సచ్చిన జాగా చూపెట్టు. రిపోర్టు పుట్టిన జాగా తర్వాత చూద్దం” అన్నాడు.

గని అంటే కొండను మెట్లుమెట్లుగా చెక్కిన పెద్ద గుంత. ఒక్కో మెట్టు ఒక బెంచీ. కింది నుంచి పైకి నంబర్లు. నాలుగో బెంచీ నెత్తిమీద ఐదోది గొడుగులా ముందుకు వంగి ఉంది. నాలుగో బెంచీలో నిలబడ్డవాడికి పైన ఏం జరుగుతుందో కనపడదు, పైవాడికి కింద ఎవరున్నారో కనపడదు.

చెన్నయ్య అప్పటికే అక్కడున్నాడు. ఒక రేకు డబ్బా బోర్లించి, దాని మీద రాయి పెట్టి, పక్కన కాపలా నిలుచున్నాడు.

“ఏముంది సాబ్ డబ్బ కింద? కోడి పొదుగుతాందా?” అన్నాడు వెంకటనర్సు.

“సాక్ష్యం.”

“మంచిదే. పిల్లలెప్పుడైతయి?”

చెన్నయ్య నవ్వలేదు. “వెంకటనర్సూ, నువ్వు నల్లగొండ సంతల మేకల దొంగలను పట్టుకుంటవని విన్న. గిది కంపెనీ జాగా. చూసేదేందో చూస్కొని పో.”

“మేకల దొంగలను పట్టుడే కష్టం సాబ్. మేక సాక్ష్యం చెప్పది. చుట్ట గట్ల గాదు, నోట్ల పెట్టుకుంటె చాలు, మస్తు ముచ్చట్లు చెప్తది. తియ్యుండ్రి డబ్బ.”

డబ్బా కింద చుట్ట పీక ఉంది. వెంకటనర్సు గొంతుక్కూర్చుని దానికంటే ముందు చుట్టూ ఉన్న నేలను చూశాడు. పేలుడుకు లేచిన సున్నపు దుమ్ము బెంచీ అంతటా పిండి జల్లించినట్టు పరుచుకుంది. పగిలిన రాళ్ల మీద, తెగిన గొట్టం మీద, జంగయ్య అన్నం తెచ్చుకున్న గిన్నె మూత మీద కూడా అదే తెలుపు. చుట్ట పీక ఒక్కటి నల్లగా, కడిగి పెట్టినట్టు ఉంది. వేళ్లతో ఎత్తాడు. కింద దుమ్ములో దాని ఆకారం లోతుగా దిగి ఉంది.

“దుమ్ము ఎప్పుడు దిగింది మేస్త్రీ?”

“పేలినప్పుడే సారూ. అటెన్క ఈడ పనే నడువలే.”

“ఇన్నరా సాబ్? జంగయ్య తాగిన చుట్టైతే పేలుడుకు ముందు కింద పడాలె. దుమ్ము దాని మీద పడాలె. గీ చుట్ట దుమ్ము పరుపు పరిచినంక వచ్చి పండుకుంది.” పీక కొసను చెన్నయ్య ముఖం ముందు తిప్పాడు. “కొసను కత్తెరతోని కోసిండ్రు. డ్రిల్లర్లకు గనిల కత్తెరెక్కడిది, పండ్లతోని కొరికి ఉమ్ముతరు. మీ జేబు ఉబ్బెత్తుగుంది, చూస్తా?”

చెన్నయ్య చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది. అక్కడ చుట్టలూ ఉన్నాయి, చిన్న కత్తెరా ఉంది. “జాగా చూడొచ్చినప్పుడు పడ్డదేమో” అన్నాడు.

“పడ్డది. మీ నోట్ల నుంచి కిందపడి జంగయ్య నోట్లెక్కింది.”

రాతిగోడ మొదట్లో ఒకామె చీపురుతో కొంచెం మేర నేలను ఊడుస్తోంది. ఆమె సైదమ్మ. ఇద్దరి మాటలూ విన్నది. నడుం ఎత్తకుండానే అన్నది.

“బతికినన్ని దినాలు నా పెనిమిటి చుట్ట ముట్టలే. సచ్చినంక కంపెనోళ్లు తాపిండ్రు.”

ఆమె ఊడుస్తూనే ఉంది.

“ఆమె ఎందుకు ఊడుస్తాంది?” అని వెంకటనర్సు కాటమయ్యను పక్కకు తీసుకుపోయి అడిగాడు.

“ఇయ్యాల మూడోనాడు గద సారూ. మట్టి చేసినకాడ పొద్దుగాల పిట్టకు పెట్టిండ్రు. గనిల పోయినోనికి గనిల గూడ పెట్టాలె, పానం పోయిన జాగల. మిట్టమధ్యానం బువ్వ తెచ్చి ఆకుల పెడ్తరు. పిట్ట ముట్టేదాక ఇంటోళ్లు లేవద్దు. పిట్ట ముట్టినంక నంబరు గూడ పోతది.”

“నంబరు పోవుడేంది?”

కాటమయ్య పైకి చూపించాడు. గోడల మీద రంగుతో వేసిన అంకెలు. నాలుగు, ఐదు, ఆరు. ఆరు పైన ఎనిమిది.

“ఏడేది? లెక్క రాకనా?”

“బక్కయ్య అనెటోడు ఏడుల సచ్చిండు. శాన ఏండ్లాయె. మనిషిని తిన్న నంబరు మల్ల నోట్ల పలుకం. రాయిని ఇడువం సారూ, రాయే బువ్వ. నంబరును ఇడుస్తం. అప్పటిసంది ఆరు తర్వాత ఎనిమిదే.”

“ఏడు తీసేసినా ఏడుపు పోలేదన్నట్టు” అన్నాడు వెంకటనర్సు. తన మాటకు తానే ముఖం చిట్లించాడు. “సరే, జంగయ్య ఎట్ల పోయిండు? చుట్ట సంగతి ఇడిసిపెట్టి చెప్పు.”

“రాత్రి దిగినోళ్లు నాలుగుల మందు పేల్చిండ్రు. ఒక్క కన్నం పేలలే. మందు పండుకుంది. పొద్దుగాల జంగయ్య కన్నం తొలిచే బర్మ తీస్కపోయి దాని పక్కకే పెట్టిండు, పండుకున్న మందు లేచి పేలింది.”

“పండుకున్న మందున్నకాడ గుర్తు పెట్టరా?”

“ఎనుకట కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టెటోళ్లం. మెషీన్ వచ్చినంక కర్రలు పీకేయమన్నరు. చూడొచ్చే పెద్దమనుషుల కండ్లకు బాగుండదంట. ఇప్పుడు మెషీన్ గదిల చెప్తే నిర్మలమ్మ కార్డు గుద్దుతది. పొద్దుటి కాయితం మీద ఆ బెంచీ పక్కన ఇంటూ లెక్క కత్తెర గుర్తు వస్తది. ఆ దినం నేనే పోయి చెప్పిన. గుద్దుడు గూడ చూసిన. కాయితం వస్తే నాలుగు పక్కన ఏం లేదు. తెల్లగుంది. గా తెల్లకాయితం చూసి జంగయ్య దిగిండు.”

చెన్నయ్య దగ్గరికి వచ్చాడు. “చూసుడైందా? నీ కోసమే ఈ బెంచీని, దీని మీదిదాన్ని మూసిపెట్టిన. ఇంగ తెరుస్త. ఉత్తగుంటె కంపెనీ ఊకోది.”

“తెరువుండ్రి సాబ్. నాక్కావల్సింది ఇప్పుడు మెషీన్ గదిల ఉంది.”

ఆ మాట అన్నందుకు ఆ రోజు గడవకముందే ఆయన నాలుక కొరుక్కోవలసి వస్తుంది.

మెషీన్ గది గట్టు మీద ఉంది. లోపల చల్లగా ఉంది. ఊళ్లో మనుషులకు లేని చల్లదనం మెషీన్‌కు ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. కాటమయ్య కాళ్లు కూడా తుడుచుకున్నాడు. కిటికీ గనివైపే తెరుచుకుంటుంది గాని, చల్లదనం పోతుందని దాన్ని తెరవరు, అద్దంలోంచి చూడాల్సిందే.

గదికి పెద్ద ధర్మయ్య. హైదరాబాద్‌లో చదివొచ్చిన ఇంజనీరు, ఇస్త్రీ చొక్కా, మూడు రోజులుగా నిద్రలేని కళ్లు. నిర్మలమ్మ మూలన కార్డుల పెట్టె ముందు కూర్చుని ఉంది. చెన్నయ్య వెనకే వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

“ధర్మయ్య సారూ, పేరుల ధర్మముంది, అడిగినంత చెప్పుండ్రి. మేస్త్రీ దారిల చుట్టం అన్నడు, ఎవరది?”

“చుట్టం అంటే మనిషి కాదండీ. పాత మెషీన్‌ని అరవై ఎనిమిదిలో దసరాకి తీసేశాం. దాని పనుల్ని మాత్రం తీసెయ్యలేం, అన్నీ దాని పద్ధతిలోనే రాసి ఉన్నాయి. అందుకని కొత్త మెషీన్ లోపల పాత మెషీన్ ఉన్నట్టు నటింపజేస్తున్నాం.”

“ఇల్లు కొత్తది, దిగిన చుట్టం పాతది.”

“అంతే. చుట్టానికి తాను వేరేవాళ్లింట్లో ఉన్నట్టు తెలియదు. జ్ఞాపకం పెట్టుకోడానికి దానికి అరలుంటాయి. ఒకటో బెంచీలో మనుషులున్నారా లేదా అన్నది ఒకటో అరలో, రెండో బెంచీది రెండో అరలో. అలా వరసగా తన అరలు తన ఇంట్లోనే ఉన్నాయని అది అనుకుంటుంది. ఆ అరలు నిజానికి ఎక్కడ పడ్డాయో చూసుకునేది కొత్త మెషీన్.”

“మా మేనమామ గిట్లనే. వచ్చినప్పుడల్ల మా ఇల్లు తనదే అనుకుంటడు. ఆయనకు అరలెందుకు, ఇల్లంత తనదే. మరి నాలుగు పక్కన కత్తెర గుర్తు ఎందుకు రాలే?”

“కార్డు గుద్దకపోతే ఎలా వస్తుంది?” అని ధర్మయ్య నిర్మలమ్మవైపు చూడకుండా అన్నాడు. “మీ ముందే వేసి చూపిస్తాను.”

నాలుగో బెంచీలో మందు పండుకుందని ఒక కార్డు గుద్దించాడు. మెషీన్‌లో వేశాడు. కాసేపటికి కాయితం బయటికొచ్చింది. నాలుగు పక్కన కత్తెర గుర్తు ఠీవిగా నిలబడి ఉంది.

చెన్నయ్య ముందుకొచ్చాడు. పొద్దున పోయిన పరువు తిరిగి దొరికిన ముఖం. “మెషీన్ సాఫ్ ఉంది. వెంకటనర్సూ, చుట్టను నేనిడిసిపెడ్త. పిల్లను పట్టుకుంట. కార్డు ఎయ్యక మనిషిని సంపింది.”

“నేనేసిన సారూ” అన్నది నిర్మలమ్మ. “మేస్త్రీ చూసిండు.”

“మేస్త్రీ మీ దిక్కోడు. చూసిన అంటడు.”

“భలే సాబ్” అన్నాడు వెంకటనర్సు. “పొద్దుగాల సచ్చినోనిది తప్పు. ఇప్పుడు బతికిన పిల్లది తప్పు. తప్పు తిరిగి తిరిగి ఎవలింటికన్న పోవచ్చు, మెషీన్ గడప మాత్రం తొక్కద్దు. చెప్పులు ఇడిసి రావాల్నాయె.” పిల్లవైపు తిరిగాడు. “బిడ్డా, ఆ పొద్దు చుట్టం ఆగిందని మేస్త్రీ అన్నడు. తనంతట తానే ఆగిందా?”

నిర్మలమ్మ ధర్మయ్యను చూసి, తల దించుకుంది. “లేదు సారూ. జంగయ్యన్న పోయిండని ఎరుకగాంగనే సారే ఆపిండు. చుట్టం ఆగితే సెక్యూరిటీకి చెప్పాలె గద, నన్ను ఫోన్ చెయ్యమన్నడు.”

“ఫోన్ల ఏమన్నవ్? ఒక్క అక్షరం పోకుండ చెప్పు.”

“చుట్టం ఆగింది. ఒకలు సచ్చిండ్రు. మందు ఆపుండ్రి. గంతే.”

చెన్నయ్య ఇంకో అడుగు లోపలికి వేశాడు. “చుట్టమా?”

“చుట్టమే సాబ్.” వెంకటనర్సు గొంతు గదంతా నిండింది. “మేస్త్రీ, ఇను. ధర్మయ్య సారూ, మీరు గూడ ఇనుండ్రి. గీ పిల్ల చుట్టం ఆగింది అన్నది. సాబ్‌కు చుట్ట తాగిండు అని ఇనవడ్డది. మందు ఆపుండ్రి అంటే మందు తాగిండు అయ్యింది. పిల్ల పేల్చుడు ఆపుమన్నది, సాబ్ నోరు పేల్చిండు. రిపోర్టుల ఉన్న చుట్ట, మందు, తాగుబోతు జంగయ్య, అంత ఆ ఫోన్ల పుట్టిందే. గనిల ఏ ఒక్కటీ లేదు.”

కాటమయ్య భుజం మీది తువ్వాలతో నోరు మూసుకుని గోడకు తిరిగాడు.

చెన్నయ్య టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “క్రషర్ నడుస్తుండె” అన్నాడు.

“క్రషర్ బందైనంక గూడ అడగొచ్చు గద సాబ్, ఏమన్నవ్ బిడ్డా అని. ఒక్క మాట అడిగే తీరిక లేదు, ఆమె ఇల్లు ఖాళీ చేపించెతందుకు తీరికుంది.”

చెన్నయ్య జవాబు కోసం వెంకటనర్సు ఆగలేదు. ఆయన అప్పటికే ధర్మయ్య ఎదుట కుర్చీ లాక్కున్నాడు.

“ఇంగ మన ముచ్చట. మనిషి గనిల సస్తే మెషీన్‌ను మీరెందుకు ఆపిండ్రు సారూ? దానికి మైల అంటుతదా?”

“పరీక్ష చేద్దామని.”

“ఏం పరీక్ష? ఆ దినం రాని గుర్తు ఇయ్యాల ఠక్కున వచ్చింది. పిల్ల అదే, కార్డు అదే, మెషీన్ అదే. నడుమల మీరు ఏం జరిపిండ్రు?”

ధర్మయ్య చేతులు బల్ల మీద పెట్టాడు, మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

“కొత్త మెషీన్‌కి పుట్టుకతోనే ఒక గడియారం ఉంటుంది” అన్నాడు. “దానికీ ఒక అర ఉంది. ఆ అరను కదపలేం. గడియారం తిరిగినకొద్దీ అందులో ఏమున్నా చెరిపేసి తన అంకె రాసుకుంటుంది. చుట్టాన్ని దానికి దూరంగా దించాలి. కాని కంపెనీ కొన్న మెమరీ చిన్నది. చుట్టాన్ని ఎటు జరిపినా ఆ గడియారం దాని అరల్లో ఏదో ఒకదాని మీద పడుతుంది.”

“ఇంటి నడుమ దూలం లెక్క. మంచం ఎటేసినా నెత్తి మీదనే ఉంటది.”

“అవును. అందుకని చుట్టం వాడని అర ఒకటి చూశాను. ఏడో బెంచీ లేదు కదా. ఏడో అర మీద గడియారం పడేలా దించాను.”

“ఖాళీ అనుకున్నరు.”

ధర్మయ్య అవునని అంటే సరిపోయేది. అనలేకపోయాడు.

“ఖాళీ కాదు. పాత మెషీన్‌కి ఈ పనులన్నీ రాసిన ఇస్రాయేలుగారు బదిలీ మీద వెళ్తూ నాకు చెప్పారు. ఏ బెంచీలో మందు పండుకుందో ఆ నంబరు ఏడో అరలో పెట్టానన్నారు. వాళ్లు పలకని నంబరులో వాళ్లు ముట్టని మందు, ఎవరూ కదిలించరు, భద్రంగా ఉంటుంది అన్నారు.”

“అంటే పిల్ల గుద్దిన కార్డు ఆ అరల్నే పడ్డది.”

“పడింది. గడియారం తుడిచేసింది. కాయితం తెల్లగా వచ్చింది.”

“ఎరికుండి చేసినవా సారూ?” అని అడిగాడు కాటమయ్య.

“ఏడాదికి ఒక్కసారి కూడా మందు పండుకోదని మేనేజరుగారు అన్నారు. దసరాకి మెషీన్ పూజ పెట్టారు, పెద్దవాళ్లందరినీ పిలిచారు. నడవటం లేదని ఎలా చెప్పను? తర్వాత సరిచేద్దామనుకున్నాను మేస్త్రీ. చేసేవాణ్ణే.”

“జంగయ్యను ఆయుధపూజల కొట్టిన గుమ్మడికాయ అనుకోండ్రి ఇంగ” అన్నాడు వెంకటనర్సు. ఈసారి గొంతు పెద్దగా లేదు. చెన్నయ్యవైపు తిరిగాడు. “సాబ్, మీరు పోలీసుల చేసినోళ్లు. చెవి మోసం చేసింది సరే. ఇప్పుడు ఇన్నదానికి మీరే సాక్షి. ఏం చేస్తరు?”

చెన్నయ్య టోపీ లోపలి అంచును వేలితో తిప్పుతూ నిలబడ్డాడు. పాతికేళ్లు మనుషుల చేత ఒప్పించినవాడికి తాను ఒప్పుకోవడం అలవాటు లేదు. “పాత రిపోర్టు చింపుత” అన్నాడు చివరికి. “సైదమ్మ గది జోలికి ఎవడు రాడు. గంతవరకు నా జిమ్మ.”

కాటమయ్య రెండు చేతులూ జోడించబోయి, ఎవరికి జోడించాలో తెలియక దించేశాడు.

కేసు అక్కడికి అయిపోయినట్టే. వెంకటనర్సు లేవబోయాడు. బల్ల మీద ఇందాకటి కాయితం, నాలుగు పక్కన కత్తెర గుర్తు. దాన్ని చూస్తూ సగం లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు.

“సారూ, గడియారం కదలదంటిరి.”

“కదలదు.”

“చుట్టాన్ని ఎటు జరిపినా ఏదో ఒక అర మీద పడ్తదంటిరి. ఇయ్యాల ఏడో అర బాగున్నది, గుర్తు వచ్చింది. మరి ఆ గడియారం ఇప్పుడు దేని మీద పడ్డది?”

“ఈసారి నిజంగా ఖాళీగా ఉన్నదే చూశాను” అన్నాడు ధర్మయ్య. చేసిన తప్పు దిద్దుకున్నవాడి ఆత్రం ఉంది గొంతులో. “పని ఆగిపోయిన బెంచీ. అక్కడ ఎవరూ ఉండరు కదా. నాలుగో అర.”

మూలన కార్డుల పెట్టె కిందపడింది. నిర్మలమ్మ నిలబడి ఉంది.

“పొద్దుగాల నేను నాలుగుకు కార్డేసిన సారూ.”

“ఏం కార్డు?”

“మనుషులున్నరని. మధ్యానం పిట్టకు పెడ్తరట, మేస్త్రీ చెప్పిండు. కింద మనుషులుంటె పై బెంచీల పేల్చద్దు గద. అందుకే ఏసిన.”

వెంకటనర్సు కాయితం లాక్కుని వరసగా చూశాడు. మూడో బెంచీ పక్కన మనుషులున్నట్టు చుక్క ఉంది. ఆరు పక్కన ఉంది. నాలుగు పక్కన కత్తెర గుర్తు తప్ప చుక్క లేదు. గడియారం ఆ చుక్కనూ తుడిచి పెట్టింది. కింద మనుషులు లేరు గనుక దాని మీది ఐదో బెంచీకి చుట్టం అనుమతి ఇచ్చేసింది.

“పొద్దుటి కాయితంల గూడ గిట్లనే వచ్చిందా?” అన్నాడు. అడిగింది ఎవరినో ఆయనకే తెలియదు.

చెన్నయ్య జవాబు చెప్పాడు. “ఐదు పేల్చుమని వచ్చింది. నువ్వు బెంచీ చూసుడు అయిపోయిందంటివి. మీదికెక్కంగనే నేను దస్తకత్ పెట్టిన, సైరన్ ఇంటే కింద ఊడ్చేటామె పోతదనుకున్న. మందు కూరెటోడు అప్పటిసందే ఐదుల కన్నాలు నింపుతాండు.”

“నువ్వు ఊకున్నవేంది మేస్త్రీ? సైరన్ ఇంటే వాళ్లు లేచి పోతరు గద.”

కాటమయ్య తలుపు వైపు కదిలాడు. “పోరు సారూ. నేనే చెప్పిన సైదమ్మకు. కార్డు ఇచ్చినం, నీ నెత్తిమీద ఇయ్యాల మందు పేలది, సైరన్ ఇనవడ్డా అది వేరే దిక్కుది, కదలకుండ్రి అని.”

చెన్నయ్య అప్పటికే బయట ఉన్నాడు. సైరన్ గుడిసెకు ఫోన్ లేదు, జీపులో పోవాలంటే గని చుట్టూ తిరగాలి. చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తాడు. ధర్మయ్య మెషీన్ ఆపే మీట మీద చెయ్యి వేసి, ఆపితే ఏమొస్తుందో తెలియక అలాగే నిలబడ్డాడు.

మొదటి సైరన్ మోగింది.

వెంకటనర్సు కిటికీ దగ్గరికి పోయాడు. అద్దం అవతల, ఎంతో కింద, నాలుగో బెంచీ తెల్లగా మెరుస్తోంది. గోడ మొదట్లో నలుగురైదుగురు కూర్చున్నారు. వాళ్ల ముందు ఊడ్చిన నేల మీద ఒక ఆకు. అప్పుడే రెండు కాకులు ఆ ఆకు పక్కన వాలి, మెడలు వంచి, దగ్గరికి గెంతుతున్నాయి.

సైరన్ గొంతు పెంచింది. కాకులు రెండూ ఒక్కసారిగా లేచి గని దాటి ఎగిరిపోయాయి.

కింద ఎవరూ లేవలేదు. సైదమ్మ మాత్రం ఆకును కొంచెం సర్దింది, గోడకింకా దగ్గరగా జరిగి కూర్చుంది, పిట్టలు మళ్లీ రావడానికి జాగా ఇస్తూ.